అంబులెన్సు వచ్చేలోపు: వాహనం నేర్చుకుంటున్నవారు తెలుసుకోవలసిన సంగతులు

చెన్నైలో ద్విచక్ర వాహనపు లైసెన్సు తీసుకున్న ప్రతివారికీ ‘ఎట్టు’ అన్న మాట గుర్తుంటుంది. కాలు నేలకు ఆనించకుండా ఎనిమిది అంకె ఆకారంలో బండిని తిప్పి చూపాలి. కారు నేర్చుకునేవారికి వెనక్కి నడపడం, వంతెన ఎత్తు మీద ఆపి జారకుండా మళ్ళీ కదిలించడం పెద్ద గండాలు. ఈ గండాలు గట్టెక్కగానే నేర్చుకోవలసినది అయిపోయిందనిపించడం సహజం. అయితే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 11వ నియమం లెర్నర్ లైసెన్సు పరీక్షకు నాలుగు అంశాలు నిర్దేశించింది. మొదటిది రహదారి గుర్తులు, నియమాలు. రెండవది, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు నిర్వర్తించవలసిన విధులు. కాపలా లేని రైల్వే గేటు వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు ఆ తరువాత వస్తాయి. గుర్తుల బొమ్మలు బట్టీపట్టి పరీక్ష దాటినవారిలో చాలామందికి ఆ రెండవ అంశం ఒకటి ఉన్నదన్న సంగతే గుర్తుండదు. ఈ వ్యాసం ముఖ్యంగా దానిని గురించినదే.

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు 460 మందికి పైగా. ప్రమాదాల సంఖ్యలో ఆ ఏడాది తమిళనాడుదే మొదటి స్థానం: 64,105 ప్రమాదాలు, 17,884 మరణాలు. దేశం మొత్తం మీద మరణించినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు, 19.5 శాతం పాదచారులు. కారు కొన్నవారికన్నా బండి మీద పనికి వెళ్ళేవారు, నడిచి బస్సు అందుకునేవారే ఈ లెక్కలలో ఎక్కువ. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం, శ్రీకాకుళం జిల్లాల నుండి వచ్చి ఈ నగరంలో కట్టడాల మీద, కంపెనీలలో, దుకాణాలలో పనిచేస్తున్న మనవారిలో అధికులు ఆ రెండు వర్గాలకు చెందినవారే.

ఒక ఢీలో మూడు ఢీలు

వేగం ప్రమాదకరమని అందరూ అంటారు. ఎంత ప్రమాదకరమో చాలామందికి తెలియదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. ఎదుట ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలో చెయ్యో బ్రేకు నొక్కేసరికి సుమారు ఒక సెకను గడిచిపోతుంది. ఆ తరువాత బండి ఆగడానికి, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో, మరొక 10 మీటర్లు కావాలి. మొత్తం 21 మీటర్లు. వేగం 60 అయితే మొదటి సెకనుకే 17 మీటర్లు పోతాయి. ఆగేసరికి దూరం 40 మీటర్లకు చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం దాదాపు రెట్టింపయిందన్నమాట. ఐప్పసి, కార్తిగై నెలల వానలో అయితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇదే సంగతిని ఇంకొక విధంగా చూడవచ్చు. 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం రెండంతస్తుల మేడ మీదినుండి పడటంతో సమానం. 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం నాలుగంతస్తుల పైనుండి పడటంతో సమానం. సెంట్రింగు పలకల మీద పనిచేసిన మేస్త్రీలకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు.

నిజానికి ప్రతి ప్రమాదంలోనూ మూడు ఢీలు జరుగుతాయి. మొదట వాహనం దేనినో గుద్దుకుని ఆగుతుంది. లోపలి మనిషి మాత్రం పాత వేగంతోనే ముందుకు పోయి స్టీరింగునో, అద్దాన్నో, నేలనో గుద్దుకుంటాడు, అది రెండవది. శరీరం ఆగినా లోపలి మెదడు, కాలేయం, ప్లీహం, పేగులు ఇంకా కదులుతూనే ఉండి ఎముకల గోడలకు కొట్టుకుంటాయి; అది మూడవది. మొదటి ఢీకి బండి సొట్టపోతుంది. రెండవదానికి చర్మం చీలుతుంది, ఎముక విరుగుతుంది. మూడవది బయటికి కనిపించదు. పైకి ఒక్క గీత కూడా పడని మనిషి గంట తరువాత కుప్పకూలడానికి కారణం అదే.

సీటు బెల్టు రెండవ ఢీని తగ్గిస్తుంది, హెల్మెట్ తలకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది. 2018 ఆగస్టు 29న నటుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు నందమూరి హరికృష్ణ నెల్లూరు జిల్లాలో ఒక వివాహానికి వెళుతూ నల్గొండ జిల్లాలో తన కారు విభజినిని ఢీకొని పల్టీలు కొట్టినప్పుడు బయటికి విసిరివేయబడి మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పటి వార్తలు తెలిపాయి. వెనుక సీటుకు బెల్టు అక్కరలేదన్నది మరొక అపోహ. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినది వెనుక సీటులో కూర్చునే. ఇక హెల్మెట్ సంగతి. మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు 2015 జూలై 1 నుండి ఈ రాష్ట్రంలో నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలైంది. మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ జరిమానా నుండి కూడా కాపాడదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే మొదటి దెబ్బకే అది ఎగిరిపోతుంది. ఆ తరువాత నేలను తాకేది తలే.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు గడిచాక పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్ళవచ్చు. ఆ కాలంలో బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. కారులో అయితే లైసెన్సు ఉన్న శిక్షకుడు పక్కన, అవసరమైతే బండిని ఆపగలిగేలా, కూర్చోవాలి. ద్విచక్ర వాహనం మీద శిక్షకుణ్ణి తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఈ షరతులు తప్పి నడిపినప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ సొమ్మును మీ నుండే రాబట్టడానికి ప్రయత్నించవచ్చు.

ఉత్తర చెన్నైలో ఉంటున్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. తిరువొత్తియూర్, ఎన్నూర్, మణలి, తొండియార్‌పేట దారులలో రేవుకు పోయే కంటైనరు లారీలు రాత్రింబవళ్ళు నడుస్తాయి. లారీ డ్రైవరుకు తన క్యాబిన్‌కు ఎడమ పక్కన, సరిగ్గా ముందు, సరిగ్గా వెనుక ఉన్న చిన్న బండ్లు కనిపించవు. అతని అద్దంలో అతని ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించడం లేదని అర్థం. లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాలకన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో దూరిన స్కూటరుకు తప్పించుకునే దారి ఉండదు.

మొదటి నిమిషం

ప్రమాదం చూసినప్పుడు మొదట చేయవలసిన పని పరుగెత్తుకుంటూ వెళ్ళి మనిషిని లేవనెత్తడం కాదు. ముందు మీరు రెండవ క్షతగాత్రులు కాకుండా చూసుకోవాలి. మీ బండిని పక్కకు ఆపి నాలుగు సూచిక దీపాలూ వెలిగించండి. కారులో ఎర్రని హెచ్చరిక త్రిభుజం ఉంటే వచ్చే వాహనాలకు దూరం నుండే కనిపించేలా వెనుక పెట్టండి. లేకపోతే మొబైలు టార్చితో ఒక మనిషిని నిలబెట్టండి. పడిపోయిన బండి ఇంజను ఆపండి. పెట్రోలు కారుతుంటే దగ్గరలో బీడీ, సిగరెట్టు వెలగకుండా చూడండి. తెగిన విద్యుత్తు తీగ బండికి తగులుతున్నట్టయితే దగ్గరికి పోవద్దు.

తరువాత 108. ఈ సంఖ్య మనకు కొత్తది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన అంబులెన్సు సేవ అది. మూడేళ్ళ తరువాత 2008 సెప్టెంబరులో తమిళనాడుకు వచ్చింది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలన్నిటికీ కలిపి 112, జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తాయి. ఏ సంఖ్యకూ రుసుము లేదు.

గుమిగూడిన జనంలో “ఎవరైనా ఫోన్ చేయండి” అంటే ఎవరూ చేయరు; ప్రతివారూ మరొకరు చేస్తారనుకుంటారు. ఒక మనిషిని చూపించి, “నీలం చొక్కా వేసుకున్న అన్నా, మీరు 108కి చేయండి” అని చెప్పాలి. ఫోనులో మొదట చెప్పవలసినది స్థలం. వీధి పేరు తెలియకపోతే బస్ స్టాపు పేరు, మెట్రో స్తంభం మీది సంఖ్య, ఎదురుగా ఉన్న గుడి, కల్యాణమండపం, పెట్రోలు బంకు, హైవే అయితే కిలోమీటరు రాయి, ఏదైనా సరే. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, స్పృహ ఉందా, రక్తం ఆగుతోందా అన్నవి తరువాత. అవతలివారు చాలునని చెప్పేదాకా ఫోను పెట్టేయవద్దు.

తమిళం రాదన్న సంకోచంతో చాలామంది ఫోను తీయడానికే వెనుకాడతారు. నాలుగు వాక్యాలు నేర్చుకుంటే చాలు. ‘ఇంగె ఆక్సిడెంట్ ఆయిడుచ్చు’ అంటే ఇక్కడ ప్రమాదం జరిగింది. ‘మయక్కమా ఇరుక్కారు’ అంటే స్పృహలో లేరు. ‘మూచ్చు విడల’ అంటే ఊపిరి తీసుకోవడం లేదు. ‘రత్తం నిక్కల’ అంటే రక్తం ఆగడం లేదు. రెండు అన్న మాట ఇద్దరికీ ఒకటే గనుక ఇద్దరు పడ్డారని చెప్పడానికి ‘రెండు పేర్’ అంటే సరిపోతుంది. వ్యాకరణం తప్పినా అంబులెన్సు వస్తుంది.

చేతులతో చేయవలసినవి

అంబులెన్సు రావడానికి పట్టే నిమిషాలలో మనిషి ప్రాణం తీయగలిగినవి ముఖ్యంగా రెండు: శ్వాస మార్గం మూసుకుపోవడం, రక్తం కారిపోవడం. విరిగిన కాలు ఎంత భయంకరంగా కనిపించినా ఆ క్షణంలో ప్రాణం తీయదు. కాబట్టి కేకలు పెడుతున్నవారి దగ్గరికి కాక, నిశ్శబ్దంగా పడి ఉన్నవారి దగ్గరికి ముందు వెళ్ళండి. అరవగలుగుతున్నవారికి ఊపిరి ఆడుతున్నట్టే.

భుజం మెల్లగా తట్టి పిలవండి. పలకకపోతే చెంప ఆయన ముక్కు దగ్గర పెట్టి, కళ్ళతో రొమ్ము చూస్తూ పది సెకన్లు గమనించండి. స్పృహ లేని మనిషి వెల్లకిలా పడి ఉంటే నాలుక వెనక్కి జారి గొంతును మూసివేస్తుంది. రక్తం, వాంతి కూడా అక్కడే చేరతాయి. ప్రమాదంలో మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు గనుక తలను వెనక్కి విరవకూడదు. తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చెవుల కింద దవడ మూలల వెనుక వేళ్ళు ఆనించి, దవడను పైకి, ముందుకు నెట్టండి. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే గురక ఆగి ఊపిరి వస్తుంది. వాంతి అవుతుంటే ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే దుంగలా ఉండేటట్టు పక్కకు తిప్పాలి. ఒక్కరే ఉంటే మెడ నిటారుగా ఉండేలా చూస్తూనైనా తిప్పాలి. మెడ గురించి భయపడి ఊపిరాడక పోనీయడం తెలివి కాదు.

హెల్మెట్ తీయాలా వద్దా అని అడుగుతుంటారు. ఊపిరి బాగా ఆడుతూ, మాట్లాడుతూ ఉంటే తీయవద్దు. ముందు అద్దం పైకెత్తి, పట్టీ వదులు చేయండి చాలు. ఊపిరి ఆడకపోతే, వాంతితో నిండిపోతే తీయక తప్పదు. అప్పుడు ఒకరు మెడనూ దవడనూ కదలకుండా కింది నుండి పట్టుకోవాలి, రెండవవారు హెల్మెట్ రెండు అంచులనూ వెడల్పు చేస్తూ మెల్లగా జరపాలి. ఒక్క గుంజుతో లాగడం మాత్రం ఎన్నడూ పనికిరాదు.

ఊపిరి లేదు, లేదా ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాస మాత్రమే తీస్తున్నారు అంటే గుండె ఆగిందని భావించి రొమ్మును నొక్కడం మొదలుపెట్టాలి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా ఉంచి, రొమ్ము మధ్య ఎముక మీద అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండవ చేయి వేసి, మోచేతులు వంచకుండా, అయిదు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి, కాబట్టి మనుషులు మారుతుండాలి. నోటితో ఊపిరి ఊదడం నేర్చుకున్నవారు ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు ఇవ్వవచ్చు. నేర్చుకోనివారు నొక్కుతూ ఉంటే చాలు. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుండి ఆరు నిమిషాలలోనే మెదడు చెడిపోవడం మొదలవుతుంది. నొక్కేటప్పుడు ఒక పక్కటెముక విరిగినట్టు చప్పుడైనా ఆపవద్దు.

రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డను, తువ్వాలును, లేకపోతే మీ చొక్కానే మడిచి గాయం మీద పెట్టి, శరీరపు బరువు మోపి నొక్కండి. మధ్యలో ఎత్తి చూడకండి. ఎత్తినప్పుడల్లా గడ్డకట్టబోతున్న రక్తం మళ్ళీ విడిపోతుంది. తడిసిపోతే దాని మీదే మరొకటి వేసి ఇంకా గట్టిగా నొక్కాలి. మీ చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే మీకూ రక్షణ. కాలో చెయ్యో నలిగిపోయి ఎంత నొక్కినా ఆగకపోతే, గాయానికి నాలుగు వేళ్ళ పైన, కీలు మీద కాకుండా, మూడు వేళ్ళ వెడల్పు గుడ్డను చుట్టి, ముడిలో పుల్ల దూర్చి రక్తం ఆగేదాకా మెలితిప్పి కట్టాలి. కట్టిన సమయం ఒక చీటీ మీద రాయాలి, ఆసుపత్రి చేరేదాకా విప్పకూడదు. సన్నని తీగ, పురికోస ఇందుకు వాడవద్దు. ఒంట్లో దిగిన కడ్డీని, గాజు ముక్కను లాగవద్దు. అది ఉన్నంతసేపూ బిరడాలా పనిచేస్తుంది. చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా కట్టండి.

తెగిపోయిన వేలు ఉంటే తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని మంచు ఉన్న మరొక సంచిలో పెట్టాలి. మంచు నేరుగా తగిలితే ఆ వేలు పనికిరాదు. విరిగిన చేతిని దినపత్రిక చుట్ట మీద ఉంచి, విరిగిన చోటికి పైనా కిందా కట్టవచ్చు, వంకర తీయబోవద్దు. సైలెన్సరు కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీరు పోయండి.

చేయకూడనివి

మనవారి మంచితనం మొట్టమొదట సోడా సీసా రూపంలోనే బయటపడుతుంది. పడిపోయినవారి నోట్లో నీళ్ళు పోయడం మన ఊళ్ళలోనూ, ఈ ఊళ్ళోనూ సమానంగా కనిపించే ఆచారం. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. స్పృహ ఉన్నా పోయకూడదు. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరాడకుండా చేయవచ్చు. దాహం, దాహం అంటున్నారంటే లోపల ఎక్కడో రక్తం కారుతున్నదని అనుమానించాలి. పెదవులు తడిపితే చాలు. గాయాలకు కాఫీపొడి, పసుపు, మట్టి, సిరా వేయవద్దు; ఆసుపత్రిలో వాటిని కడిగి తీయడమే పెద్ద పని అవుతుంది. తలదెబ్బతో మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించండి, నోట్లో ఏమీ దూర్చవద్దు. చెవి నుండి, ముక్కు నుండి కారే ద్రవానికి దూది అడ్డం పెట్టవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది తొందర. కాళ్ళు ఒకరు, భుజాలు ఒకరు పట్టి ఎత్తి షేర్ ఆటోలో మడిచి కుక్కితే, బాగున్న వెన్నుపాము ఆ క్షణంలో దెబ్బతిని జీవితాంతం మంచం పట్టవచ్చు. మంటలు, నీరు, మళ్ళీ గుద్దే వాహనాలు ఉంటే తప్ప కదపవద్దు. అంబులెన్సు రాదని తేలిపోతే తలుపునో, పలకనో, నులకమంచాన్నో కిందికి జరిపి, నలుగురు ఒకేసారి ఎత్తి, వ్యానులో చాపి పడుకోబెట్టి తీసుకువెళ్ళండి.

చాలా ఏళ్ళ క్రితం రెడ్ హిల్స్ దాటాక జి.ఎన్.టి. రోడ్డు విభజిని మీద కూర్చున్న ఒక నెల్లూరు యువకుణ్ణి చూశాను. బండి జారి పడ్డాడు. ముఖాన చిన్న గీత. “ఏం లేదన్నా, పనికి టైమయింది” అని లేచి నిలబడ్డాడు, నవ్వాడు. ముఖం తెల్లబారి ఉంది, మెడ మీద చల్లటి చెమట పట్టింది, నాడి పరుగెడుతోంది. అవి లోపలి రక్తస్రావపు గుర్తులని ఆనాడు నాకు తెలియదు. పక్కనున్న లారీ డ్రైవరు ఒకాయనకు తెలిసింది. బలవంతంగా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, 108ని పిలిపించాడు. ప్లీహం చిట్లిందని తరువాత తెలిసింది. కుర్రవాడు బతికాడు. తలదెబ్బలలోనూ ఇదే మోసం ఉంటుంది: మొదట కాసేపు స్పృహ తప్పి, లేచి, గంటలపాటు బాగానే మాట్లాడి, తరువాత వాంతులు, మగత, ఒక కనుపాప పెద్దదవడం. తాగి ఉన్నాడని వదిలేసిన మనుషులలో కొందరు నిజానికి మెదడులో రక్తం చేరినవారు.

సాయం చేస్తే కేసు మన మీదికి వస్తుందా?

పరాయి ఊరు, పరాయి భాష, పోలీసు స్టేషను. మన ఊళ్ళో అయితే ముందుకు దూకే మనిషి ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేయడానికి ఈ మూడూ చాలు. ఆ భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. ఒక స్కూటరిస్టును కారు గుద్దితే, దగ్గరి ఆసుపత్రి కేసులు చూసే అధికారం తమకు లేదని చెప్పి ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరొక ఆసుపత్రికి పంపింది. ఆయన దారిలోనే మరణించారు. ఆ వార్త ఆధారంగా వచ్చిన పరమానంద్ కటారా కేసులో 1989 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు ఆ తరువాతనేనని తీర్పు చెప్పింది. తీసుకువెళ్ళినవారి సంగతి తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 2016 మార్చి 30న సేవ్ లైఫ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు వారి రక్షణకు సంబంధించిన మార్గదర్శకాలను దేశమంతటా పాటించవలసినవిగా చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ అనే సెక్షను చేరింది.

దాని సారాంశం ఇది. ప్రతిఫలం ఆశించకుండా, సద్బుద్ధితో సహాయం చేసినవారి మీద, ఆ మనిషి తరువాత మరణించినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. ఆసుపత్రిలో వదిలి వెంటనే వెళ్ళిపోవచ్చు. పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు, డబ్బు కట్టమనకూడదు. మీరే ఇష్టపడి సాక్ష్యం చెబితే ఒక్కసారే విచారించాలి. మన పాఠకులు గుర్తుంచుకోదగిన అంశం మరొకటి ఉంది: సాక్షికి దర్యాప్తు అధికారి భాష గానీ స్థానిక భాష గానీ రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఆ అధికారిదే.

చికిత్స ఖర్చు గురించి కూడా అనవసరపు భయం ఉంది. 2021 డిసెంబరు 18న మేల్‌మరువత్తూరులో ప్రారంభమైన ‘ఇన్నుయిర్ కాప్పోం, నమ్మై కాక్కుం 48’ పథకం కింద తమిళనాడు సరిహద్దులలో రోడ్డు ప్రమాదానికి గురైనవారికి మొదటి 48 గంటల చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలోనూ, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులలోనూ ఉచితం. మొదట లక్ష రూపాయల పరిమితితో ఆరంభించారు. ఇక్కడి రేషను కార్డు ఉండనవసరం లేదు. ఏ రాష్ట్రంవారైనా, ఏ దేశంవారైనా ఒకటే. మాధవరంలో బస్సెక్కో, సొంత బండి మీదో ఊరికి పోతూ ఆరంబాక్కం దాటి తడ చేరాక ఇది వర్తించదు. అయితే 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం కింద దేశంలో ఎక్కడైనా ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స, గుర్తించిన ఆసుపత్రులలో దొరుకుతుంది. సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి, స్టాన్లీ, కీళ్‌పాక్కం, రాయపేట ఆసుపత్రులు రాత్రింబవళ్ళు ప్రమాద కేసులు చూస్తాయి. మీ ఇంటికి, మీ పనిచోటికి ఏది దగ్గరో ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోండి.

బండి మీదే అయినప్పుడు

గుద్దినది మీ బండే అయితే ఆగి తీరాలి. 134వ సెక్షను ప్రకారం గాయపడినవారిని దగ్గరి వైద్యునికో ఆసుపత్రికో చేర్చడానికి తగిన ప్రయత్నమంతా చేయాలి, పోలీసు అడిగిన వివరాలు ఇవ్వాలి. పోలీసు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, 24 గంటలు మించకుండా, దగ్గరి స్టేషనులో చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. జనం ఆగ్రహంతో మీదికి వచ్చినప్పుడు చట్టం మినహాయింపు ఇస్తుంది: అక్కడినుండి తప్పుకుని నేరుగా స్టేషనుకు వెళ్ళవచ్చు. ఇంటికి వెళ్ళడం, ఊరికి రైలెక్కడం మాత్రం మినహాయింపు కాదు. విధి తప్పినందుకు ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తప్పు ఎవరిదన్న విచారణ అది వేరు. పారిపోయినవారికి ఆ విచారణలో నమ్మకం కలిగించడం కష్టమవుతుంది.

నష్టపరిహారం కోరేవారు ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. చెన్నైలో జరిగిన ప్రమాదానికి చెన్నైలోనే వేయాలన్న నియమం లేదు. తామున్న చోట, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటున్న భార్యాపిల్లలు తమ జిల్లాలోనే వేయవచ్చు. గుద్దిన వాహనం దొరకకపోయినా 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయల సహాయం ఉంది. వీటన్నిటికీ ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు ఆధారం గనుక మొదటి రోజు నుండి ప్రతి కాగితమూ దాచండి.

చదివి నేర్చుకున్నది చేతికి రావాలంటే సాధన కావాలి. ఎళుంబూరులోని ఇండియన్ రెడ్ క్రాస్ తమిళనాడు శాఖ, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ ప్రథమ చికిత్స తరగతులు నడుపుతాయి. అక్కడ బొమ్మ మీద రొమ్ము నొక్కడం, కట్లు కట్టడం స్వయంగా చేయిస్తారు. పదిమంది పనివారు ఒకేచోట ఉంటే ముందుగా మాట్లాడి కలిసి వెళ్ళడం సులభం. అందాకా బండి సీటు కింద ఒక శుభ్రమైన తువ్వాలు, వెడల్పు గుడ్డపట్టీ, రెండు జతల చేతితొడుగులు, ఒక కలం ఉంచుకోండి. మొబైలులో తాళం తీయకుండానే కనిపించే అత్యవసర వివరాల పేజీలో మీ రక్త వర్గం, ఇంటివారి సంఖ్య నింపండి. ఊళ్ళో ఉన్నవారిది ఒకటి, చెన్నైలో ఉన్నవారిది ఒకటి. నెల్లూరు నుండి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సంతకం పెట్టవలసినవారు ఆసుపత్రికి అరగంటలో చేరగలిగినవారైతే మంచిది.